పరిశోధనకై పరదేశ ప్రయాణం – విశ్వవిద్యాలయాల ధనసహాయం

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ రెండు రోజులుగా మన పాఠశాల పుట్టుపూర్వోత్తరాలను గురించి, స్థలమిచ్చిన దాతలను గురించి, పందిళ్ళ క్రింద పాఠాలు చెప్పిన తొలితరం ఉపాధ్యాయులను గురించి పెద్దలు ఎంతో హృద్యంగా ముచ్చటించారు. ఆ కథను నేను మరల చెప్పబోవడం లేదు. ఉత్సవ సంఘం వారు నాకు ఇచ్చిన అంశం ‘మన విద్యార్థులు – విదేశాలలో ఉన్నత విద్య’. అంశం చాల పెద్దది. అందులో సగభాగం, అనగా బ్యాంకు అప్పు తీసుకొని ఎం.ఎస్. చదువుకు వెళ్ళే సంగతి, నాకంటె ఈ సభలోని తల్లిదండ్రులకే బాగా తెలుసు. అందుచేత దానిని విడిచిపెట్టి, ఎవరూ అంతగా పట్టించుకోని ఒక చిన్న భాగాన్ని మాత్రం తీసుకుంటాను. ఎం.ఎ.యో, ఎం.ఎస్‌సి.యో ముగించి పరిశోధనలో చేరిన విద్యార్థి తన పని నిమిత్తం మూడు వారాలో, మూడు నెలలో పరదేశానికి వెళ్ళి రావడానికి విశ్వవిద్యాలయాలు, పరిశోధన మండళ్ళు ఇచ్చే ప్రయాణ సహాయం, వాడుకలో ట్రావెల్ గ్రాంటు అంటున్నామే, అదే నేటి నా ప్రసంగ విషయం.

తెలుగు మాధ్యమ పాఠశాలకూ విమానపు టిక్కెట్టుకూ ఏమి సంబంధమని మీలో కొందరికి తోచవచ్చు. సంబంధం ఉన్నది. గడచిన పదేళ్ళలో మన పూర్వ విద్యార్థులు ముగ్గురు ఇటువంటి గ్రాంటు మంజూరైన ఉత్తరం చేత పట్టుకొని నా గదికి వచ్చారు. గ్రాంటు రాలేదని కాదు, వచ్చిందని వచ్చారు. ఆ ముగ్గురిలో విమానం ఎక్కగలిగినది ఒక్కరే. తక్కిన ఇద్దరూ ఎందుకు ఎక్కలేకపోయారో కొంతసేపటిలో మనవి చేస్తాను. అది చెప్పడం కోసమే ఈ అంశాన్ని ఎన్నుకున్నాను.

ముందుగా ఈ సహాయం ఎటువంటిదో తెలుసుకోవాలి. ఇది మార్కులకు ఇచ్చే బహుమానం కాదు, పేదరికానికి ఇచ్చే దానమూ కాదు. ఒక పరిశోధకుని ప్రశ్నకు కావలసిన ఆధారం అతడున్న చోట లేదు, మరొక దేశంలోని గ్రంథాలయంలోనో, ప్రయోగశాలలోనో, ఒక ఊరి మనుషుల జ్ఞాపకాలలోనో ఉన్నది. అక్కడికి పోనిదే పని సాగదు అని నిరూపించినప్పుడు ఇచ్చే సొమ్ము ఇది. డిగ్రీ చదువుకు వెళ్ళే విద్యార్థి కొన్నేళ్ళు అక్కడ ఉండడానికి వెళతాడు. ఈ ప్రయాణం చేసేవాడు పని ముగించుకొని తిరిగి రావడానికి వెళతాడు. కనుకనే సొమ్ము చిన్నది, షరతులు పెద్దవి.

ఇది నిన్న మొన్న పుట్టిన ఏర్పాటు కాదు. ఈ నగరంలోని విశ్వవిద్యాలయమే నూరేళ్ళకు పూర్వం చేసిన పని ఒకటి చెబుతాను. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో చిన్న గుమాస్తాగా చేరిన శ్రీనివాస రామానుజన్‌కు పట్టం లేదు. ఎఫ్.ఏ. పరీక్షే గట్టెక్కలేదు. అయినప్పటికీ 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం మంజూరు చేసింది. పట్టం లేనివానికి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవన్న అభ్యంతరం రాకపోలేదు. విశ్వవిద్యాలయాన్ని ఏర్పరచిన చట్టంలోనే పరిశోధనను ప్రోత్సహించడం కూడా దాని కర్తవ్యమని ఉన్నది కదా అన్న వాదం నెగ్గింది. నియమం అనేది ఎందుకోసం పుట్టిందో గుర్తున్నవారు ఆ సభలో ఉండడం మన దేశపు అదృష్టం.

మరుసటి ఏడు కేంబ్రిడ్జి నుండి ఉపన్యాసాలు ఇవ్వడానికి నెవిల్ అనే యువ గణిత శాస్త్రజ్ఞుడు మద్రాసు వచ్చాడు. రామానుజన్ నోటు పుస్తకాలు చూశాడు. ఈయనను ఇంగ్లండుకు పంపవలసినదని 1914 జనవరి 28న విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకు లేఖ వ్రాశాడు. పోర్టు ట్రస్టు అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తన వంతుగా గవర్నరు కార్యాలయానికి వ్రాశాడు. విశ్వవిద్యాలయం సంవత్సరానికి 250 పౌండ్ల చొప్పున రెండేళ్ళకు వేతనం మంజూరు చేసింది. ఓడ ప్రయాణపు ఖర్చు, చలిదేశానికి కావలసిన దుస్తుల ఖర్చు అదనం. మార్చి 17న రామానుజన్ ‘నెవాసా’ అనే ఓడ ఎక్కాడు. నెవిల్ లేఖకూ ఓడ కదలడానికీ మధ్య ఏడు వారాలు నిండలేదు. ఈనాడు ఒక దరఖాస్తు ఒక బల్ల మీది నుండి మరొక బల్ల మీదికి చేరడానికే అంతకాలం పడుతున్నది.

ఇందులో నాకు అన్నిటికంటె మెచ్చదగినదిగా తోచేది వేతనం మొత్తం కాదు. ఆ 250 పౌండ్లలో 50 పౌండ్లు స్వదేశంలోని కుటుంబ పోషణకు కేటాయించారు. ప్రయాణం చేసేవానికి వెనుక ఒక ఇల్లు ఉంటుందని, ఆ ఇంట్లో పొయ్యి వెలగాలని ఇచ్చేవారు ఆలోచించారు. ‘టిక్కెట్టు నీవే కొనుక్కో, వచ్చిన తరువాత రసీదులు చూపించు, మా లెక్కల శాఖ పరిశీలించి చెల్లిస్తుంది’ అని ఆనాటి విశ్వవిద్యాలయం చెప్పి ఉంటే ఆ గుమాస్తా నెవాసా ఓడను రేవు గట్టు మీద నుండి చూసి ఇంటికి తిరిగి వెళ్ళి ఉండేవాడు.

విశ్వవిద్యాలయం ముందుకు రాని చోట ఊరి ధర్మసంస్థలు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. భీమవరంలో పుట్టి, ఈ చెన్నపట్నంలోనే హిందూ హైస్కూలులోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను, వైద్య కళాశాలలోను చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల తొలినాళ్ళలో బోస్టను నగరానికి వెళ్ళడానికి రెండు ఆధారాలు ఉన్నాయి. ఒకటి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేసిన సహాయం. రెండు, మామగారు కూడబెట్టి ఇచ్చిన సొమ్ము. సత్యలింగ నాయకర్ గారు బర్మా దేశంలో వ్యాపారం చేసి గడించిన ధనాన్ని పిల్లల చదువుకు వదిలిపెట్టిన పుణ్యాత్ములు. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరిన సుబ్బారావు గారికి చేతిలో డబ్బు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేయవలసి వచ్చింది. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించిన మనిషి ఆయనే. ప్రయాణానికి డబ్బు ఇచ్చి, అక్కడ బ్రతకడానికి ఇవ్వకపోతే ఎంత శ్రమ పడవలసి వస్తుందో ఆయన జీవితం చెబుతుంది.

స్త్రీల మాట కూడా చెప్పాలి. జంషెట్‌జీ టాటా 1892లో నెలకొల్పిన విద్యానిధి సహాయం పొందిన తొలి విద్యార్థులు ఇద్దరు స్త్రీలు; వైద్య విద్యకు వెళ్ళిన ఫ్రేనీ కామా, కృష్ణాబాయి కేళవ్‌కర్. ఆ నిధి ఇచ్చేది దానం కాదు, అప్పు. తీర్చిన సొమ్ము మరొకరికి పోతుంది. ఈ మాటను దయచేసి గుర్తు పెట్టుకోండి, మరల దీని దగ్గరకు వస్తాను. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయం 1917లో ఆసియా ఖండపు స్త్రీల కోసం బార్బర్ పేరిట విద్యార్థి వేతనాలు ఏర్పరచింది. ఈ నగరంలో విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో పాఠాలు చెబుతూ ఉన్న జానకి అమ్మాళ్ 1924లో ఆ వేతనం మీద వెళ్ళి, 1931లో అక్కడ డి.ఎస్‌సి. పట్టం పొందారు. వృక్షశాస్త్రంలో ఆమె చేసిన పని లోకప్రసిద్ధం. ఆడపిల్లను సముద్రం దాటి పంపడమా అని నేటికీ సందేహించే తండ్రులు మన మధ్య ఉన్నారు కనుక ఈ సంవత్సరాలను నొక్కి చెబుతున్నాను.

ఇక నేటి కాలపు సంగతి. అమెరికాతో మన దేశం 1950 ఫిబ్రవరిలో చేసుకున్న ఒప్పందం ఫలితంగా వచ్చిన ఫుల్‌బ్రైట్ వేతనాలలో, ఇక్కడి విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి.కి నమోదైన విద్యార్థులు ఆరు నుండి తొమ్మిది నెలలు అక్కడ పని చేసి రావడానికి ఒక విభాగం ఉన్నది. 2008 ఒప్పందం తరువాత దీనికి నెహ్రూ గారి పేరు కూడా జతపడింది. సామాజిక శాస్త్రాలకు 1969లోను, చరిత్రకు 1972లోను ఏర్పడిన జాతీయ పరిశోధన మండళ్ళు విదేశాలలోని ఆధారాలు చూసి వచ్చేవారికి సహాయం చేస్తూ వచ్చాయి. విజ్ఞానశాస్త్రాలలో అంతర్జాతీయ సభలకు పత్రంతో వెళ్ళేవారికి సెర్బ్ అనే సంస్థ చాలా ఏళ్ళు టిక్కెట్టు ఖర్చు ఇచ్చింది. 2023 నాటి చట్టంతో ఆ సంస్థ అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌లో కలిసిపోయింది. అందుచేత అన్నయ్య దాచి ఉంచిన పాత ప్రకటన పట్టుకొని తమ్ముడు దరఖాస్తు వ్రాయరాదు. ఏ సంవత్సరపు నియమాలు ఆ సంవత్సరమే చదవాలి. ఈ జాబితాను నేను ఇంతకంటె పెంచను. నోటీసు బోర్డు చేయవలసిన పనిని ఉపన్యాసం చేయకూడదు.

అక్కడి విశ్వవిద్యాలయాలు తమ పరిశోధక విద్యార్థులకు ఇచ్చే గ్రాంట్ల పద్ధతి మాత్రం మనం గమనించదగినది. అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలు అనేకం తమ పరిశోధక విద్యార్థికి ముందొక వేసవిలో చిన్న మొత్తం ఇచ్చి, ‘పోయి చూసి రా, నీకు కావలసిన కాగితాలు అక్కడ నిజంగా ఉన్నాయా, ఎవరైనా చూడనిస్తారా, నీకు ఆ భాష చాలునా’ అని పంపుతాయి. వచ్చి చెప్పిన తరువాతనే ఏడాది పాటు ఉండే పెద్ద గ్రాంటుకు దరఖాస్తు. ఆ విధంగా మన దేశానికి వచ్చేవారి కోసం అక్కడి విశ్వవిద్యాలయాలు కలిసి 1961లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ అనే సంస్థను స్థాపించుకున్నాయి. సముద్రాలు దాటి వచ్చి తెలుగు నేర్చి, ‘రాయవాచకము’ను ఇంగ్లీషులోకి అనువదించి 1993లో ప్రచురించిన ఫిలిప్ వాగనర్, కాకతీయుల నాటి శాసనాలను ఊరూరి లెక్కన పరిశీలించి 2001లో పుస్తకం వెలువరించిన సింథియా టాల్బట్ వంటి వారిని తలచుకున్నప్పుడు నాకు సంతోషమూ, కొంత సిగ్గూ కలుగుతాయి. తెలుగు చదవడానికి వారు అంతదూరం నుండి వచ్చారు. తెలుగు చదివితే ఏమి వస్తుందని మన వీధిలోని తల్లులు నన్ను అడుగుతున్నారు.

ఏమి వస్తుందో చెబుతాను. తెలుగు అక్షరాలతో తొలి పుస్తకాలు అచ్చయినది ఆంధ్రదేశంలో కాదు, చెన్నపట్నంలోనూ కాదు. మద్రాసులో ఏళ్ళ తరబడి పనిచేసి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు 1746 ప్రాంతాన జర్మనీ దేశంలోని హాలే పట్టణంలో వాటిని అచ్చు వేయించాడు. ఆనాటి ప్రచారకులు ఇక్కడి నుండి పంపిన ఉత్తరాలు, వ్రాతప్రతులు ఆ ఊరి ఫ్రాంకె సంస్థల భాండాగారంలో నేటికీ ఉన్నాయి. లండనులోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ అనే పండితుడు 1912లోనే ప్రత్యేకంగా పట్టిక అచ్చు వేయవలసి వచ్చింది, అన్ని పుస్తకాలు అక్కడ చేరాయి. తంజావూరు రఘునాథ నాయకుడు 1620లో తరంగంబాడిలో డేనులకు చోటు ఇచ్చినప్పుడు వారి రాజుకు పంపిన బంగారు రేకు మీది లేఖ కోపెన్‌హాగన్‌లోని జాతీయ భాండాగారంలో ఉన్నది. ఆ రఘునాథ నాయకుని ఆస్థానం తెలుగు కవుల ఆస్థానమని మన తొమ్మిదవ తరగతి పిల్లలకు తెలుసు.

ఇవి రాజుల సంగతులు. కూలీల సంగతి ఇంకా విలువైనదని నా అభిప్రాయం. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారి తొలి ఓడ అది. తరువాతి దశాబ్దాలలో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుండి ఎందరో తెలుగువారు ఈ రేవు మీదుగానే వెళ్ళారు. మారిషసుకు వెళ్ళిన మనవారిని అక్కడ కోరంగీలు అన్నారంటే కారణం యానాం ప్రక్కనున్న కోరంగి రేవు. ఒక్కొక్క ఓడకు ఒక జాబితా ఉన్నది: కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీద గుర్తులు. మారిషసులో ఆ కాగితాలను మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరిచారు. అయితే వాటిని వ్రాసినవాడు తన చెవికి అందినట్లు ఇంగ్లీషులో వ్రాసుకున్నాడు. అప్పలస్వామి, ఎర్రన్న, గుంపస్వామి వంటి పేర్లు, మన ఊళ్ళ పేర్లు గుర్తుపట్టరాకుండా పోయాయి. ఆ వికృత రూపాల వెనుక ఉన్న ఊరిని, ఇంటిని గుర్తుపట్టగలవారు ఎవరు? ఆ ఊళ్ళ పేర్లు, ఆ ఇళ్ళ పేర్లు నోట నానిన మనిషి. ఎంత పెద్ద విశ్వవిద్యాలయమైనా ఈ పరిజ్ఞానాన్ని మూడు నెలల శిక్షణతో ఇవ్వలేదు.

మన పిల్లలకు మరొక సౌకర్యం ఉన్నది. హైదరాబాదు, విజయవాడ పిల్లలకు లేనిది. ఈ రాష్ట్రంలో పుట్టి పెరిగినందువల్ల మన పిల్లలలో చాలామందికి తెలుగు, తమిళం రెండు లిపులూ వచ్చు. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయానికి గాని, ఇక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి గాని పోయి చూడండి. ఆ రెండు భాషలూ పక్కపక్క బీరువాలలో ఉంటాయి. రెండింటినీ చదవగల పరిశోధకులు చాల అరుదు. రెండు భాషలు బరువని బాధపడే తల్లిదండ్రులకు ఇది నా సమాధానం.

ఇంగ్లీషు అక్కరలేదని మాత్రం నేను అనడం లేదు. అట్లా అనే ఉపన్యాసాలు విని విని విసిగిపోయాను. దరఖాస్తు ఇంగ్లీషులోనే వ్రాయాలి. అందులోనూ రెండు పుటలకు మించకుండా, తన శాస్త్రం తెలియని మనిషికి కూడా అర్థమయ్యేట్లు వ్రాయాలి. నా ప్రశ్న ఏది, దానికి ఇంతవరకు ఎవరేమి చెప్పారు, ఏ ఊరిలో ఏ సంచయంలో ఏ కాగితాలు చూస్తాను, ఎన్ని రోజులు, అక్కడ నన్ను రానిస్తామని ఉత్తరం ఇచ్చినవారు ఎవరు, ఖర్చెంత. ఇందులో కష్టమైనది ఇంగ్లీషు కాదు, మొదటిది. తన ప్రశ్న ఏమిటో తెలుగులో ఒక పుటలో చెప్పలేనివాడు ఇంగ్లీషులో పది పుటలు వ్రాసినా గ్రాంటు రాదు. మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లల చేత ఏడాదికి ఒక్కసారైనా జవాబు ముందుగా తెలియని ప్రశ్న ఒకటి వ్రాయించాలని తెలుగు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులను ఈ సభాముఖంగా కోరుతున్నాను. వీధి చివరి గుడి గోడ మీది రాతలో ఏముంది, మన ఇళ్ళలో మాట్లాడే తెలుగులోకి ఎన్ని తమిళ మాటలు వచ్చాయి, తాతగారు ఏ పని మీద ఈ ఊరు వచ్చారు. ఇటువంటివి చాలు.

ఇప్పుడు ఆ ముగ్గురి సంగతికి వస్తాను. పేర్లు చెప్పను, వారికి ఇష్టముండదు.

మొదటి అబ్బాయి రసాయనశాస్త్రంలో పరిశోధకుడు. తండ్రి కూరగాయల అంగడి. పరదేశంలో జరిగే సభలో అతని పత్రం అంగీకరించారు, గ్రాంటు మంజూరైనది. మంజూరైన ఉత్తరంలోని నాలుగవ పేరా మాత్రం ఖర్చంతా ముందుగా అతడే పెట్టుకోవాలని, తిరిగి వచ్చిన తరువాత బోర్డింగు పాసులు, టిక్కెట్టు, సభ్యత్వ రుసుము రసీదు, హాజరు పత్రం జతచేసి పంపితే పరిశీలించి చెల్లిస్తామని చెబుతున్నది. టిక్కెట్టు, వీసా, సభ్యత్వ రుసుము, బస అన్నీ కలిపి లక్ష రూపాయలు దాటింది. పరిశోధన వేతనం ఆ నాటికి నాలుగు నెలలుగా రాలేదు. అతడు వెళ్ళలేదు. గ్రాంటు వచ్చినవాడు కనుక, రానివాని మీద చూపే జాలి కూడా అతనిపై ఎవరూ చూపలేదు.

రెండవది ఒక అమ్మాయి. ఆమె వెళ్ళింది. తల్లి నాను తాకట్టు పెట్టి మార్వాడీ కొట్టులో డబ్బు తెచ్చారు. ఆమె తెలివిగా వెదకి, అందరికంటె తక్కువ ధర చెప్పిన చోట టిక్కెట్టు కొన్నది. తిరిగి వచ్చి కాగితాలు పెట్టిన తరువాత ఆ టిక్కెట్టు చెల్లదన్నారు. ప్రభుత్వ సొమ్ముతో విమానయానం చేసేవారు పూర్వం ఎయిర్ ఇండియాలోనే వెళ్ళవలసి ఉండేది. ఆ సంస్థ టాటాల చేతికి వెళ్ళడంతో ఆ నియమం పోయి, బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐ.ఆర్.సి.టి.సి. అనే మూడింటిలో ఒకదాని ద్వారా మాత్రమే టిక్కెట్టు కొనాలన్న నియమం వచ్చింది. ఈ సంగతి ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఉత్తరాలు నడిచి నడిచి, తొమ్మిది నెలలకు కొంత తగ్గించి ఇచ్చారు. తగ్గిన మొత్తం ఒక ఎత్తు, తొమ్మిది నెలల వడ్డీ మరొక ఎత్తు. ఆమె మంచి పని చేసి వచ్చింది, అది వేరే మాట. అయితే ఆ ఇంట్లో రెండవ కూతురిని పరిశోధనకు పంపుతారా అని నేను అడగలేకపోయాను.

మూడవ అబ్బాయికి డబ్బు సర్దుబాటు అయినది. అతనిని ఆపినది పేరు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది. ఈ రాష్ట్రపు వాడుకలో తండ్రి పేరులోని తొలి అక్షరం ముందుంటుంది. పాఠశాల ప్రవేశ పట్టికలో ఒక విధంగా, పదవ తరగతి సర్టిఫికెట్టులో మరొక విధంగా, కళాశాలలో మూడవ విధంగా అతని పేరు పడింది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. పొడి అక్షరాలు పనికిరావు. ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుకు అమెరికా వీసాలో తొలిపేరు తెలియదని అర్థం వచ్చే మూడక్షరాలు, ఎఫ్.ఎన్.యు., వేస్తారు. కన్నవారు ముచ్చటపడి పెట్టుకున్న పేరు అక్కడ తెలియని పేరు అవుతుంది. ఇతని కాగితాలలో పేర్లు సరిచేయించి తెచ్చేసరికి వీసాకు సమయం మించిపోయింది.

కనుక ఈ జూన్ నుండి మన పాఠశాలలో ఎనిమిదవ తరగతిలోనే ప్రతి విద్యార్థి పేరు పూర్తిగా, ఇంటిపేరు విడదీసి, ఆధారుతోను జనన ధ్రువపత్రంతోను సరిచూసి తల్లిదండ్రుల సంతకం తీసుకుంటాము. పదవ తరగతి దరఖాస్తులు పోయేలోపల ఈ పని ముగియాలి. దయచేసి పిలిచిన రోజున రండి. ‘పేరుదేముందమ్మా, తరువాత చూసుకుందాం’ అనవద్దు.

డబ్బు విషయంలో పూర్వ విద్యార్థుల సంఘం ముందు నా ప్రతిపాదన ఇది. మనం గ్రాంట్లు ఇవ్వనక్కర లేదు, ఇచ్చేవారు ఉన్నారు. వారు మంజూరు చేసిన దినానికీ చెల్లించే దినానికీ మధ్యనున్న కాలానికి వడ్డీ లేని చేబదులు ఇచ్చే నిధి ఒకటి కావాలి. టాటా నిధి సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఒకరు తీర్చినది మరొకరికి పోతుంది, నిధి తరగదు. ఒక్కొక్కరికి లక్ష రూపాయలకు మించకుండా, ఒకేసారి ముగ్గురికి ఇవ్వగలిగితే ప్రస్తుతానికి చాలు. అంటే మూడు లక్షలు. పాఠశాలకు 75 ఏళ్ళు నిండాయి కనుక 75 మంది తలా 4000 రూపాయలు వేసుకుంటే సరిపోతుంది. ఇందుకు శాలువాలు, శిలాఫలకాలు అక్కర లేదు.

అడిగినవానికి మంజూరు ఉత్తరం ఉండాలి. టిక్కెట్టు కొనకముందే ఆ ఉత్తరాన్ని లెక్కలు తెలిసిన పూర్వ విద్యార్థి ఒకరు వానితో కూర్చొని పేరా పేరా చదవాలి. రెండవ అమ్మాయికి జరిగినది మరొకరికి జరగకూడదు. తిరిగి వచ్చిన పదిహేను రోజులలో కాగితాలు పంపి, నకలు మనకు ఇవ్వాలి. సొమ్ము వచ్చిన వెంటనే నిధికి కట్టాలి. చెల్లించేవారు ఏదో నియమం చెప్పి కొంత కోత కోస్తే ఏం చేయాలన్న ప్రశ్న నిన్న కార్యవర్గంలో వచ్చింది. కోతలో సగం నిధి భరించి, మిగతా సగం విద్యార్థి ఉద్యోగంలో చేరిన తరువాత కట్టవచ్చునని నా సూచన. మొత్తం విద్యార్థే కట్టాలని కొందరు పెద్దలు అంటున్నారు. నేను ఒప్పుకోలేదు, మీరు చర్చించి తేల్చండి. మన పాఠశాలలో కనీసం మూడేళ్ళు చదివినవారు ఎవరైనా అడగవచ్చు, వారు ఏ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నా సరే. తెలుగు పరిశోధకులకే ఇవ్వాలన్న షరతు వద్దు. కూరగాయల అంగడి వారి అబ్బాయి చదివినది రసాయనశాస్త్రం.

గ్రంథాలయంలో కిటికీ ప్రక్క బల్ల మీద ఖాతా పుస్తకం ఒకటి ఉంచాము. భోజన విరామంలో లెక్కల మాష్టారు అక్కడే కూర్చుంటారు. రొక్కమైనా, చెక్కైనా ఇచ్చినవారికి అప్పటికప్పుడు రసీదు వ్రాసి ఇస్తారు.